మెషీన్ల కొటేషన్ ఆఖర్న అడగండి: ఆఫీసులో జిమ్ పెట్టబోతున్న కంపెనీ యాజమాన్యాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విశాఖపట్నం నగరాల్లోని కంపెనీల యాజమాన్యాలకు, హెచ్ఆర్, అడ్మిన్, ఫెసిలిటీస్ బాధ్యులకు,

నమస్కారం.

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు కొత్త ఆఫీసు తీసుకుంటున్న కంపెనీల ప్లానుల్లో ఈ మధ్య ఒక మూల ‘జిమ్’ అని రాసి ఉంటోంది. సంతోషం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు కనీసం 2 రోజులు కండరాలకు పని కావాలి. పగలంతా కుర్చీలో, ఆ తర్వాత ట్రాఫిక్‌లో గడిపే మనిషికి ఆ నిమిషాలు ఆఫీసు ఆవరణలో దొరికితేనే దొరికినట్టు. కాబట్టి ఇది పెట్టి చేతులు దులుపుకునే సౌకర్యం కాకూడదని, ఏళ్ల తరబడి నడవాలని కోరుకుంటూ ఈ లేఖ రాస్తున్నాం.

పని మొదలయ్యే వరస దగ్గరే తప్పు జరుగుతోంది. ముందు మెషీన్ల కంపెనీని పిలుస్తారు. కేటలాగ్ వస్తుంది, రంగుల లేఅవుట్ వస్తుంది, పీవో (కొనుగోలు ఆర్డరు) వెళ్లిపోతుంది. ఆ తర్వాత స్లాబు ఎంత మోస్తుందని, ఏసీ సరిపోతుందా అని, స్నానాల గదికి నీళ్ల పైపు ఎక్కడినుంచి తేవాలని అడగడం మొదలవుతుంది. అప్పటికి మెషీన్లు లోడింగ్ బే దగ్గర అట్టపెట్టెల్లో ఉంటాయి. చేతులు కాలాక ఆకులు వెతుక్కున్నట్టే. మా విన్నపం ఒక్కటే: ఎంతమంది ఏ వేళకు వస్తారు, నేల ఏమాత్రం మోస్తుంది, గాలి ఎంత కావాలి, నీళ్లు ఎన్ని కావాలి అనే నాలుగు లెక్కలూ కాగితం మీదికి వచ్చాకే మెషీన్ల మాట ఎత్తండి.

మనుషుల లెక్కతో మొదలుపెడదాం. ‘మీకు జిమ్ కావాలా?’ అని సర్వే పంపితే అందరూ అవుననే అంటారు, ఆ జవాబుతో మీకు పనిలేదు. ఏ రోజుల్లో, ఎన్నింటికి వస్తారు, ఏ రూటు క్యాబ్ ఎక్కుతారు, స్నానం ఇక్కడే చేస్తారా అని అడగండి. వెయ్యి మంది పనిచేసే ఆఫీసుకు మేము మొదలుపెట్టే అంచనా ఇలా ఉంటుంది. 200 మంది చేరతారు. ఏ రోజు చూసినా అందులో సగం, అంటే 100 మంది వస్తారు. బాగా రద్దీగా ఉండే ఒక గంటలో సుమారు 35 మంది లోపల ఉంటారు. ఒక్కొక్కరికి 5 చదరపు మీటర్ల చొప్పున 175, అంటే దాదాపు 1,900 చదరపు అడుగులు. స్నానాలకు, లాకర్లకు ఇంకో 450 అడుగులు వేసుకోండి. మీ సర్వే వేరే అంకె చెబితే దాన్నే నమ్మండి. మొత్తం 150 మంది కూడా లేని కంపెనీ అయితే సొంతంగా కట్టొద్దనే మా సలహా. దగ్గర్లోని మంచి జిమ్‌తో మాట్లాడి ఫీజులో వాటా భరించండి. అయితే ఫిట్‌నెస్ సెంటర్ సభ్యత్వాల మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కంపెనీ కట్టాల్సిన పన్నులో సర్దుబాటు) సాధారణంగా రాదు, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) అడ్డొస్తుంది. ఆ సంగతి బడ్జెట్ వేసేటప్పుడే అకౌంట్స్ వాళ్లకు చెప్పాలి.

ఇప్పుడు నేల. భవనాల మీద పడే బరువులకు మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం. అందులో ఆఫీసు గదులకు చదరపు మీటరుకు 2.5 నుంచి 4 కిలోన్యూటన్లు, జిమ్నాజియానికి 5 కిలోన్యూటన్లు అని ఉంది. మామూలు మాటల్లో ఆఫీసుకు 250 నుంచి 400 కిలోలు, జిమ్‌కు 500 కిలోలు. తేడా చిన్నది కాదు. పైగా జిమ్‌లో బరువు ఊరికే కూర్చుని ఉండదు, ఎగురుతుంది, పడుతుంది. రెండున్నర నుంచి 25 కిలోల దాకా రెండున్నర చొప్పున పెరిగే డంబెల్ జతలు పది తీసుకుంటేనే 275 కిలోలు. ప్లేట్లు తగిలించే స్టాండు నిలబడేది అర చదరపు మీటరులో, దాని మీద ఉండేది 200 కిలోలు. అందుకే బిల్డింగ్ ఓనర్ నుంచి ‘అభ్యంతరం లేదు’ అనే ఒక్క వాక్యం ఉత్తరం తీసుకుని ఊరుకోకండి. ఆ ఫ్లోరు ఎంత లైవ్ లోడ్‌కు (మనుషులు, సామాను బరువుకు) డిజైన్ చేశారో అంకెతో సహా స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెట్టిన కాగితం అడగండి. డంబెల్ రాక్, ప్లేట్ల స్టాండు, లెగ్ ప్రెస్ లాంటివి స్లాబు నడిమధ్యలో కాకుండా స్తంభాల పక్కన, బీముల మీదికి వచ్చేలా లేఅవుట్ గీయించండి.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. చాలా ఐటీ టవర్లలో స్లాబులు పోస్ట్ టెన్షన్‌వి. లోపల స్టీలు కేబుళ్లు లాగి బిగించి ఉంటాయి. స్క్వాట్ రాక్‌ను నేలకు బిగిద్దామని డ్రిల్లింగ్ మొదలుపెట్టి ఒక్క కేబుల్‌ను కోస్తే ఆ నష్టం జిమ్ ఖర్చుతో పోయేది కాదు. స్కానింగ్ చేయించకుండా ఒక్క యాంకర్ (నేలలోకి దిగేసే బోల్టు) కూడా వేయనివ్వొద్దు. వీలైతే నేలకు బిగించాల్సిన అవసరమే లేని రాక్ ఎంచుకోండి. రెండోది, కేబుళ్లు నడపడానికి వేసిన రెయిజ్డ్ ఫ్లోర్. రెండడుగుల పలకలు సన్నటి కాళ్ల మీద నిలబడి ఉంటాయి. దాని మీదే ట్రెడ్‌మిల్ పెడితే పలకలు ఊగి శబ్దం చేస్తాయి, కాళ్లు వదులవుతాయి. జిమ్ వచ్చే మేర పలకలు తీసేసి అసలు స్లాబు మీదే నేల వేయాలి.

చోటు చాలక సెల్లారు వైపు చూసేవాళ్లున్నారు. అనుమతి పొందిన ప్లానులో పార్కింగ్‌గా చూపించిన చోట జిమ్ పెట్టకండి. అది ప్లాను ఉల్లంఘన అవుతుంది, గాలి, దారి రెండూ ఇరుకే. గ్రౌండ్ ఫ్లోర్‌లో దొరికితే అంతకన్నా మంచిది లేదు. పైఅంతస్తే గతి అయితే కింద ఏ గదులున్నాయో చూడండి. బార్‌బెల్ కింద పడ్డ దెబ్బ గాల్లో కంటే స్తంభాల గుండా ఎక్కువ దూరం పోతుంది. కింద మీటింగ్ రూమ్ ఉంటే మొదటి వారంలోనే ఫిర్యాదు వస్తుంది. పైఅంతస్తుల్లో డెడ్‌లిఫ్ట్ ప్లాట్‌ఫారం మానేసి, డంబెళ్లు 20 కిలోల దగ్గర ఆపి, మిగతా పని కేబుల్ మెషీన్లతో సాగించాలన్నది మా గట్టి అభిప్రాయం. గ్రౌండ్ ఫ్లోర్‌లో అయితే 2.4 మీటర్ల చదరంలో రెండు పొరల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, బరువు పడే రెండు పక్కలా మందపాటి రబ్బరు వేసి ప్లాట్‌ఫారం చేయించొచ్చు. కార్డియో కింద 8 మిల్లీమీటర్ల రబ్బరు రోల్ చాలు. డంబెళ్లు పడే చోట 20కి తగ్గొద్దు. రబ్బరును తెచ్చిన వెంటనే అతికించకండి. రెండు రోజులు విప్పి ఆరబెట్టి, శుక్రవారం సాయంత్రం అతికించడం మొదలుపెడితే సోమవారానికి వాసన కొంత తగ్గుతుంది.

ఎత్తు సంగతి ఫాల్స్ సీలింగ్ వేశాకే గుర్తొస్తోంది. ట్రెడ్‌మిల్ పట్టీయే నేల నుంచి 8 అంగుళాల పైన ఉంటుంది. ఆరడుగుల మనిషి దాని మీద పరుగెత్తితే తల 7 అడుగుల దాకా లేస్తుంది. బార్‌బెల్ తల మీదికెత్తే చోట 3 మీటర్లు ఖాళీగా ఉండాలి. స్ప్రింక్లర్ మొనలు వేలాడే చోట ఎత్తే వ్యాయామాలు రాకుండా చూడండి, లేదా ఫైర్ కాంట్రాక్టరుతో వాటిని జరిపించి జాలీ పెట్టించండి. బార్ కొస తగిలి ఒక్క స్ప్రింక్లర్ పగిలితే నీళ్లు మీ జిమ్‌తో ఆగవు, కింది అంతస్తు కంప్యూటర్ల మీదికి దిగుతాయి.

ఏసీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. జనం జిమ్ మానేయడానికి వాళ్ల బద్ధకం కారణమంటారు గానీ, చాలా చోట్ల అసలు కారణం గాలి. కుర్చీలో పనిచేసే మనిషి ఒంటి నుంచి సుమారు 130 వాట్ల వేడి వస్తుంది. గట్టిగా వ్యాయామం చేసే మనిషి నుంచి 500 వాట్ల పైన. 35 మంది అంటే 17 కిలోవాట్లు దాటింది, ఒక్క మనుషుల వేడికే 5 టన్నుల ఏసీ. అదే చోట 35 మంది కూర్చుని పనిచేస్తే టన్నున్నర లోపే. మోటార్ల వేడి, బయటి గాలి వేడి దీనికి అదనం. పడమటి వైపు అద్దాల పక్కన ట్రెడ్‌మిళ్లు వరసగా పెడితే ఫొటోకు బాగుంటుంది, ఏప్రిల్ సాయంత్రం 5 గంటలకు అక్కడ ఎవరూ నిలబడలేరు.

చల్లదనం ఒక ఎత్తు, తాజా గాలి ఇంకో ఎత్తు. గది గాలికి సంబంధించిన అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే 62.1 ప్రమాణం ఆఫీసులో మనిషికి సెకనుకు 2.5 లీటర్ల బయటి గాలి అడుగుతుంది, జిమ్‌లో 10 లీటర్లు. నేల విస్తీర్ణానికి ఇచ్చే వాటా వేరే. మనం అనుకున్న గదికి రెండూ కలిపితే సెకనుకు 400 లీటర్లు. ఆఫీసు ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి డక్టుల్లోకి పంపే యూనిట్) నుంచి ఒక డక్టు పొడిగించి ‘జిమ్‌కు కూడా ఏసీ ఇచ్చాం’ అంటే ఈ గాలి రాదు. పైగా జిమ్ చెమట వాసన రిటర్న్ గాలిలో కలిసి పక్కనున్న సీట్ల మీదికే పోతుంది. జిమ్‌కు వేరే యూనిట్ పెట్టండి. ఎగ్జాస్ట్ లోపలికి వచ్చే గాలి కంటే కొంచెం ఎక్కువ లాగాలి, అప్పుడు తలుపు తెరిచినప్పుడు గాలి ఆఫీసు నుంచి జిమ్‌లోకి వస్తుందే గానీ అటు పోదు. ఇంకో మాట: సెంట్రల్ ఏసీ ఉదయం ఎన్నింటికి మొదలవుతుందో బిల్డింగ్ వాళ్లను అడగండి. జిమ్ ఆరింటికి తెరిచి ఏసీ ఎనిమిదింటికి వేస్తే మీ ఉదయం బ్యాచ్ వారంలో ఖాళీ.

కరెంటు. కమర్షియల్ ట్రెడ్‌మిల్ ఒక్కొక్కదానికి విడి సర్క్యూటు, విడి న్యూట్రల్, దాని సొంత 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీబీఓ (లీకేజీని, ఓవర్‌లోడ్‌ను పసిగట్టి కరెంటు ఆపే బ్రేకర్) ఉండాలి. ఆరు ట్రెడ్‌మిళ్లకు కలిపి ఒకే ఆర్‌సీసీబీ (లీకేజీని మాత్రమే పసిగట్టే బ్రేకర్) పెడితే ఏమవుతుందో చెబుతాం. ప్రతి మోటార్ డ్రైవ్ నుంచీ కొద్దికొద్దిగా లీకేజీ కరెంటు భూమిలోకి పోతూనే ఉంటుంది, అది సహజం. ఆరింటిదీ కలిసేసరికి 30 దాటి బ్రేకర్ పడిపోతుంది. పరుగెత్తుతున్న ఆరుగురి కింద పట్టీలు ఒక్కసారిగా ఆగిపోతాయి. అప్పుడు ఎలక్ట్రీషియన్ వచ్చి ఆర్‌సీసీబీనే తీసేస్తాడు, చెమట చేతులతో మనుషులు ముట్టుకునే మెషీన్‌కు ఉన్న ఒకే రక్షణ పోతుంది. మూడు ఫేజుల మీదా రెండేసి చొప్పున పంచండి. కంప్యూటర్ల యూపీఎస్‌కు ట్రెడ్‌మిల్ తగిలించకండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు పట్టీ ఆగుతుందని, అందుకే సేఫ్టీ కీ క్లిప్పు చొక్కాకు తగిలించుకోవాలని చేరిన రోజే ప్రతి ఒక్కరికీ చేసి చూపించాలి. ట్రెడ్‌మిల్ వెనక 2 మీటర్లు, పక్కలకు అర మీటరు ఖాళీ వదలండి. వెనక గోడ దగ్గరగా ఉంటే జారిన మనిషి గోడకూ తిరిగే పట్టీకీ మధ్య ఇరుక్కుంటాడు, చర్మం లేచిపోతుంది. చోటు చాలకపోతే ఆరు బదులు ఐదే పెట్టండి.

నీళ్ల దగ్గర జరిగే పొరపాటు ఇది. నాలుగు స్నానాల గదులు, గదికో 25 లీటర్ల గీజర్. చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది. 60 డిగ్రీల 25 లీటర్లను చన్నీళ్లతో కలిపితే సుమారు 50 లీటర్ల గోరువెచ్చని నీళ్లు, అంటే ఒక్క స్నానం. ఖాళీ అయిన గీజర్‌ను 2 కిలోవాట్ల కాయిల్ మళ్లీ వేడి చేయడానికి అరగంట పైన పడుతుంది. గంటలో ఆ గదిలోకి నలుగురు వస్తే ఇద్దరికే వేడినీళ్లు. డిసెంబరు ఉదయం 8:30కి తడి తలతో, సబ్బు నురుగుతో ఎదురుచూసిన మనిషి మర్నాడు జిమ్‌కు రాడు. గంటకు 16 స్నానాలకు ఒకే 300 లీటర్ల ట్యాంకు, 6 కిలోవాట్ల హీటర్ సరిపోతాయి. స్నానాల గదులు ఇప్పుడున్న టాయిలెట్ షాఫ్టుకు ఆనుకునే రావాలి. మిగతా చోట స్లాబు కిందికి దింపి ఉండదు కాబట్టి వాలు ఇవ్వడానికి నేలను ఎత్తాల్సి వస్తుంది, గుమ్మం దగ్గర మెట్టు తయారవుతుంది, తడికాళ్లతో అక్కడే జారతారు. టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫింగ్ మీద 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింది అంతస్తు సీలింగ్ చూడండి. గడువు దగ్గరపడిందని ఈ రెండు రోజులు ఎగ్గొట్టే సైట్లే ఎక్కువ.

ఇక మెషీన్లు. 35 మందికి 5 ట్రెడ్‌మిళ్లు, 2 ఎలిప్టికల్స్, 2 మామూలు సైకిళ్లు, వెనక్కి ఆనుకుని తొక్కే సైకిల్ ఒకటి, రోయర్ ఒకటి. రెండు పక్కలా పుల్లీలున్న కేబుల్ మెషీన్, లాట్ పుల్‌డౌన్, చెస్ట్ ప్రెస్, లెగ్ ప్రెస్, లెగ్ కర్ల్ ఒక్కొక్కటి. హాఫ్ రాక్ ఒకటి, వాలు మార్చుకునే బెంచీలు 4. ఒకటి, రెండు, మూడు కిలోల డంబెళ్లు మర్చిపోకండి. కొత్తగా వచ్చేవాళ్లకు, మోకాలో భుజమో నొప్పి తగ్గి వచ్చేవాళ్లకు కావాల్సినవి అవే. మ్యాట్లు 15, చాపలు పరుచుకోవడానికి 25 చదరపు మీటర్ల ఖాళీ నేల. ఆ ఖాళీ నేల మీదికి ఇంకో మెషీన్ తెచ్చి పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఒప్పుకోకండి. నడుముకు పట్టీ కట్టి ఊపే వైబ్రేటర్ల జోలికి పోవద్దు. అద్దాలు నేలకు ఒకటిన్నర అడుగు పైనుంచి మొదలుకావాలి, లేకపోతే దొర్లిన డంబెల్ పగలగొడుతుంది. వెనక సేఫ్టీ ఫిల్మ్ ఉండాలి.

కొటేషన్‌లో మోటార్ హెచ్‌పీ చూసేటప్పుడు ‘పీక్’ అంకెకు మోసపోకండి, కంటిన్యూయస్ ఎంతో రాయించుకోండి, డీసీ కాకుండా ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) మోటారే అడగండి. ఇళ్లలో వాడే మోడల్ ఆఫీసులో పెడితే వారంటీ చెల్లదు. ఏఎంసీ (ఏడాది నిర్వహణ) ఒప్పందాన్ని కొనుగోలుతోపాటే మాట్లాడండి, డబ్బు కట్టేశాక బేరం సాగదు. పట్టీ కింద సిలికాన్ పూత ఆరిపోతే రాపిడి పెరుగుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, చివరికి కంట్రోలర్ బోర్డు కాలుతుంది. చిన్న సీసా నూనె వేయకపోవడం వల్ల పోయేది అన్నిటికన్నా ఖరీదైన భాగం. కేబుల్ మెషీన్‌కు నెలకోసారి తీగ మొత్తం చేత్తో తడిమి చూడాలి. కొక్కెం దగ్గర ప్లాస్టిక్ తొడుగు చీలినట్టు కనబడితే లోపలి స్టీలు పోగులు తెగుతున్నట్టే. ఆ రోజే మెషీన్ ఆపాలి, ‘ఇంకో వారం’ అనొద్దు.

బడ్జెట్‌లో వంద రూపాయలుంటే మెషీన్లకు 45 దాటనివ్వకండి. నేల, ఏసీ, కరెంటు, ప్లంబింగ్‌లకు 30, మొదటి రెండేళ్ల ట్రైనర్ల జీతాలు, ఏఎంసీ, శుభ్రతకు 25 పక్కన పెట్టండి. తగ్గించాల్సి వస్తే రెండు ట్రెడ్‌మిళ్లు తగ్గించండి, స్నానాల గదులు తగ్గించొద్దు. గడువు ఐదు నెలలకు తక్కువ పెట్టుకోకండి. ఇంపోర్టెడ్ మెషీన్లు రావడానికే రెండు నెలలు పట్టొచ్చు, అయితే ఆ ఎదురుచూపులోనే సివిల్ పని అయిపోతుంది.

మనుషుల విషయంలో నాలుగు మాటలు. చేరేముందు పార్‌క్యూ ప్లస్ (వ్యాయామానికి ముందు ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నావళి) ఫారంలోని మొదటి ఏడు ప్రశ్నలు అడిగించండి. ఒక్కదానికి ‘అవును’ అన్నా అందులో ఉన్న తర్వాతి ప్రశ్నలు అడిగించి, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపండి. ఆ ఫారాలు మీ డాక్టరు లేదా నర్సు బీరువాలో ఉండాలి. హెచ్ఆర్ ఫోల్డర్‌లోకి, మేనేజర్ చేతికి పోకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉందని మాత్రమే కాదు, బీపీ సంగతి అప్రైజల్ దాకా పోతుందన్న భయం ఉంటే ఎవరూ నిజం రాయరు. ఎవరు ఎన్ని కిలోలు తగ్గారో బోర్డు మీద రాసే పోటీలు దయచేసి పెట్టకండి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద జిమ్ కూడా పనిచేసే చోటే. ట్రైనర్ బయటి ఏజెన్సీ మనిషైనా మీ అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయొచ్చని గోడ మీద రాయించండి. మహిళా ట్రైనర్ తప్పనిసరి. భంగిమ సరిదిద్దడానికైనా సరే, అడిగాకే చేయి వేయాలని ఒప్పందంలో ఉండాలి.

ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే పరికరం) పెట్టె జిమ్ తలుపు బయట, తాళం లేకుండా, కనబడే ఎత్తులో ఉండాలి. గుండె ఆగిన మనిషికి షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ప్యాడ్ల గడువు తేదీ చూసే పని ఒకరి పేరు మీద రాయండి. ఉదయం 6:30కి దగ్గర్లో ఉండేది ఎవరు? గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, తుడుస్తున్న హౌస్‌కీపింగ్ అమ్మ. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు ఛాతీ నొక్కడం ముందు వాళ్లకు నేర్పించండి. వాళ్లనూ ఆ జిమ్ వాడుకోనివ్వండి. రాత్రంతా నిలబడే గార్డుకు, రోజంతా స్టీరింగ్ పట్టుకునే క్యాబ్ డ్రైవరుకు నడుంనొప్పి మీ ఇంజనీర్ల కంటే తక్కువేమీ కాదు.

టైముల సంగతి ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌తో కూర్చుని తేల్చండి. లాగిన్ తొమ్మిదికి, క్యాబ్ దించేది 8:50కి అయితే ఉదయం జిమ్ ఎవరి కోసం? ప్రతి రూటులో గంటా పావు ముందు ఒక ట్రిప్పు వేయండి. అమెరికా కాల్స్ ఉన్న టీముల్లో సాయంత్రం ఏడు తర్వాత ఎవరికీ ఖాళీ ఉండదు, వాళ్లకు నాలుగున్నర నుంచి ఆరు మధ్యే వీలు. ఆ వేళ సీటులో లేరని ఏ లీడూ అడగకూడదని ఈమెయిల్ మీ సంతకంతోనే వెళ్లాలి, హెచ్ఆర్ పంపితే చాలదు.

గుమ్మడికాయ కొట్టే రోజుకు వారం ముందు ఒక ఉదయం పరీక్ష పెట్టండి. 35 మందిని పిలిచి, అన్ని ట్రెడ్‌మిళ్లూ ఒకేసారి నడిపించి, ఏసీ పూర్తిగా వేసి, నాలుగు స్నానాల గదుల్లో గంటపాటు వేడినీళ్లు వదిలి, మధ్యలో మెయిన్ స్విచ్ ఆపి జనరేటర్‌కు మార్చి చూడండి. ఆ సమయంలో ఒకరిని కింది అంతస్తు మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టండి. బయటపడ్డ లోపాలన్నీ సరిచేశాకే వెండర్ ఆఖరి 10 శాతం బిల్లు వదలండి.

ఇట్లు,
ఆఫీసు జిమ్‌ల డిజైన్, ఏర్పాటు, నిర్వహణ పనుల్లో ఉన్న మేము